జాబితా చివరి 17 మంది ఎక్కడ పోయారు? ఉత్తరాల్లో తెలుగు ఎందుకు మధ్యలో తెగుతోంది?

శిబిరం_డెస్క్ (సికింద్రాబాద్), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఒక స్వచ్ఛంద సంస్థలో కంటి శిబిరాల జాబితాలు చూస్తాను. కంటిశుక్లం ఆపరేషన్ అయినవాళ్లకు వారం తర్వాత ఫోన్ చేసి చుక్కల మందు వేసుకుంటున్నారా, నొప్పి ఏమైనా ఉందా అని అడగాలి. నెల తర్వాత ఉత్తరం పంపాలి. ఇదంతా ఒక ఎక్సెల్ షీటు మీద నడుస్తుంది. ఎక్సెల్ 2016.

రెండు సమస్యలు వచ్చాయి. మొదటిది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. షీటులో చివరి పేరు 642వ వరుసలో ఉంది. ఫోన్ చేసేవాళ్లకు వెళ్లే జాబితా మాత్రం 625వ వరుస దగ్గరే ఆగిపోయింది. చివరి ఊరి నుంచి 17 మందికి ఫోన్లే వెళ్లలేదు. ఆపరేషన్ అయి పది రోజులు. ఈ రోజు సాయంత్రం చూసుకుని, వెంటనే కూర్చుని అందరికీ చేశాం. ఇద్దరు తప్ప అందరూ ఎత్తారు. ఇంతకుముందు నెలల్లో కూడా ఇలాగే జరిగిందా అని టెన్షన్‌గా ఉంది.

జాబితా పరిధికి నేను పెట్టిన ఫార్ములా:

=ఆఫ్‌సెట్(ఏ1,0,0,కౌంట్ఏ(ఏ:ఏ),1)

రెండోది ఉత్తరాల సంగతి. డి కాలమ్‌లో మా ఫీల్డ్ వాళ్లు తెలుగులో వివరాలు రాస్తారు. వర్డ్‌లో మెయిల్ మెర్జ్ (షీటులోని వివరాలను ఉత్తరం నమూనాలో ఒక్కొక్కరికీ నింపడం) చేస్తే కొన్ని ఉత్తరాల్లో వాక్యం మధ్యలోనే ఆగిపోతోంది. ఒకదాంట్లో చివరి మాట «కంటిశుక్» అని ఉంది. షీటులో చూస్తే పూర్తిగానే ఉంది.

నిర్వాహకులు

కొత్తవాళ్లకు గుర్తు చేస్తున్నాం. ఇక్కడ ఫార్ములాలు కూడా తెలుగు లిపిలోనే రాస్తాం. షీటులో కొట్టేటప్పుడు అవే పేర్లు, అవే కాలమ్ అక్షరాలు ఇంగ్లీషులో కొట్టుకోండి. మేడమ్, మీరు జోడించిన స్క్రీన్‌షాట్‌లో పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు కనిపిస్తున్నాయి కాబట్టి తీసేశాం. కావాలంటే ఉత్తుత్తి పేర్లతో మళ్లీ పెట్టండి.

రాణిగంజ్_లెక్కలు

మేడమ్, ఒక్క మాట చెప్పండి. ఊరికీ ఊరికీ మధ్య ఒక ఖాళీ వరుస వదిలారా?

శిబిరం_డెస్క్

అవునండి. చూడటానికి విడివిడిగా ఉంటుందని. మొత్తం 18 ఊళ్లు.

రాణిగంజ్_లెక్కలు

అయితే దొరికింది. 18 ఊళ్ల మధ్య 17 ఖాళీలు. తప్పిపోయినవాళ్లూ 17 మందే.

కౌంట్ఏ అనేది «నిండిన సెల్స్ ఎన్ని» అని చెబుతుంది. «చివరి సెల్ ఎక్కడ» అని చెప్పదు. ఈ రెండూ ఒకటే అవ్వాలంటే మధ్యలో ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. మీకు 642 వరుసల్లో 17 ఖాళీ, నిండినవి 625. ఆఫ్‌సెట్ పైనుంచి 625 వరుసలు కొలిచి ఆగిపోయింది. ఎన్ని ఖాళీలు వదిలితే అన్ని వరుసలు కింద నుంచి రాలిపోతాయి. పాత నెలల్లో కూడా జరిగే ఉంటుంది మేడమ్. ఆ షీట్లు తెరిచి ఖాళీ వరుసలు లెక్కపెట్టండి, ఎంతమంది తప్పిపోయారో తెలిసిపోతుంది.

మా షాపులో స్టాక్ లిస్టుకు నేను ఎప్పుడూ అంకెల కాలమ్ పట్టుకుంటాను. మీ ఫోన్ నంబర్లు సి కాలమ్‌లో ఉంటే ఇది పెట్టి చూడండి:

=మ్యాచ్(9.99ఇ+307,సి:సి)

అంత పెద్ద సంఖ్య షీటులో ఎక్కడా ఉండదు. దొరకని పెద్ద సంఖ్యను వెతకమంటే ఎక్సెల్ చివరి అంకె ఉన్న వరుస దగ్గరికి వచ్చి ఆగుతుంది. మధ్యలో ఖాళీలున్నా పట్టించుకోదు.

శిబిరం_డెస్క్

మీరు చెప్పింది అక్షరాలా నిజం. పోయిన నెల షీటులో 14 ఖాళీలున్నాయి. ఆ 14 మందికి రేపు పొద్దున్నే ఫోన్ చేయిస్తాను.

సి కాలమ్ ఫార్ములా పెడితే 611 వచ్చింది. 642 రాలేదు.

ఉప్పల్_అక్క

611 తర్వాత నంబర్లు సెల్‌లో ఎడమ పక్కకు ఆనుకుని ఉన్నాయా చూడమ్మా. అలా ఉంటే అవి అంకెలు కావు, అక్షరాల రూపంలో ఉన్న అంకెలు. వాట్సాప్‌లో వచ్చిన జాబితా కాపీ చేసి అతికించినప్పుడు, నంబరు మధ్యలో ఖాళీ గానీ ముందు ప్లస్ 91 తర్వాత గీత గానీ ఉంటే ఇలా అవుతుంది. ఇరవై ఏళ్లు డేటా ఎంట్రీ చేశాను, ఫోన్ నంబరు కాలమ్‌ను నమ్మి చివర వెతకొద్దనే చెబుతాను. పేరు కాలమ్ పట్టుకో. పేరు లేకుండా ఎవరినీ రాయరు కదా.

కొత్త_చేయి (దిల్‌సుఖ్‌నగర్)

పేరు కాలమ్‌కి నాకు తెలిసినది ఉంది. క్లాసులో నేర్పారు:

=మ్యాచ్(రెప్ట్("జెడ్",255),ఏ:ఏ)

ఇంగ్లీషు జెడ్ అక్షరం 255 సార్లు. అన్ని పేర్ల కంటే చివర వచ్చే మాట కాబట్టి చివరి పేరు దగ్గర ఆగుతుంది. నా షీటులో బాగానే పనిచేస్తుంది.

శిబిరం_డెస్క్

తమ్ముడూ, నాకు 1 వచ్చింది. మొదటి వరుసలో హెడింగ్ ఉంది, అంతే.

లిపి_ప్రేమి

మేడమ్, హెడింగ్ ఇంగ్లీషులో, పేర్లు తెలుగులో ఉన్నాయి కదా. అందుకే 1 వచ్చింది.

ఆ జెడ్ ఫార్ములా ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. విండోస్ అక్షర క్రమంలో ముందు అంకెలు, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు, భారతీయ లిపులు ఇంకా తర్వాత వస్తాయి. అంటే మన «అ» కూడా వాళ్ల జెడ్ కంటే తర్వాతే. ఎక్సెల్ ఏం చేస్తుందంటే, జాబితా మధ్యకు వెళ్లి చూస్తుంది, అక్కడ తెలుగు పేరు ఉంటుంది, «ఇది నేను వెతికేదాని కంటే పెద్దది, పైకి వెళ్లాలి» అనుకుంటుంది. మళ్లీ మధ్యకు, మళ్లీ పైకి. చివరికి ఇంగ్లీషు హెడింగ్ దగ్గర తేలుతుంది. హెడింగ్ కూడా తెలుగులో ఉంటే దొరకలేదన్న ఎర్రర్ వచ్చేది. ఎర్రరే నయం, కనీసం తప్పని తెలుస్తుంది.

తెలుగులో డేటా పెట్టుకునేవాళ్లందరూ దీన్ని గుర్తు పెట్టుకోవాలి. ఇంటర్నెట్‌లో దొరికే ఫార్ములాలు ఎక్కువగా ఇంగ్లీషు డేటా మీద పరీక్షించినవి. మన లిపి మీద ఒకసారి నడిపి చూడకుండా పనిలో పెట్టకూడదు.

మైత్రీవనం_మాస్టారు

లిపి_ప్రేమి గారు చెప్పింది సరైన మాట. నేనూ ఏళ్ల తరబడి క్లాసులో జెడ్ ఫార్ములానే చెప్పాను. ఇకనుంచి ఈ హెచ్చరిక కలిపి చెబుతాను.

అక్షర క్రమంతో సంబంధం లేని ఫార్ములా కావాలి. ఇది 2016లోనే కాదు, ఇంకా పాత ఎక్సెల్‌లో కూడా నడుస్తుంది:

=లుకప్(2,1/(ఏ2:ఏ5000<>""),రో(ఏ2:ఏ5000))

ఎలా నడుస్తుందో తెలిస్తే మీరే మార్చుకోగలరు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఏ2 నుంచి ఏ5000 వరకు ఒక్కో సెల్‌ను «ఖాళీ కాదా?» అని అడుగుతున్నాం. ఖాళీ కాకపోతే నిజం, అంటే 1. ఖాళీ అయితే అబద్ధం, అంటే 0. ఇప్పుడు 1ని దానితో భాగిస్తే పేరు ఉన్నచోట 1 మిగులుతుంది, ఖాళీ ఉన్నచోట సున్నాతో భాగించిన ఎర్రర్ వస్తుంది. లుకప్‌కు ఒక గుణం ఉంది, ఎర్రర్లను దాటేసి పోతుంది. దాన్ని 2 వెతకమన్నాం. అక్కడ ఉన్నవన్నీ 1లే, 2 ఎక్కడా దొరకదు. అప్పుడు చివరి 1 దగ్గర ఆగి, ఆ వరుస సంఖ్య ఇస్తుంది. తెలుగైనా ఇంగ్లీషైనా అంకెలైనా దీనికి ఒకటే.

వరుస సంఖ్య కాకుండా చివరి పేరే కావాలంటే, చివర రో(ఏ2:ఏ5000) బదులు ఏ2:ఏ5000 అని రాయండి.

ఏ:ఏ అని మొత్తం కాలమ్ ఇవ్వకండి. 2007 నుంచి ఒక్కో షీటులో 10,48,576 వరుసలున్నాయి. ఈ ఫార్ములా ప్రతి సెల్‌ను పట్టి చూస్తుంది కాబట్టి షీటు నెమ్మదిస్తుంది.

శిబిరం_డెస్క్

మాస్టారూ, 642 వచ్చింది! చాలా థాంక్స్.

కానీ పోయిన నెల షీటులో పెడితే 803 వచ్చింది. అక్కడ చివరి పేరు 588లో ఉంది. 803లో ఏమీ కనిపించడం లేదు.

ఉప్పల్_అక్క

803 మీద క్లిక్ చేసి, పక్కన ఎక్కడైనా =లెన్(ఏ803) అని కొట్టు. ఆ సెల్‌లో ఎన్ని అక్షరాలున్నాయో చెబుతుంది.

శిబిరం_డెస్క్

1 వచ్చింది అక్కా.

ఉప్పల్_అక్క

ఎవరో స్పేస్ బార్ నొక్కారు. సెల్‌లో ఉన్నది చెరిపేయడానికి డిలీట్ బదులు స్పేస్ కొట్టి ఎంటర్ చేసే అలవాటు చాలామందికి ఉంది. కంటికి ఖాళీ, ఎక్సెల్‌కు నిండు. నేను కొత్తగా వచ్చిన పిల్లలకు మొదటి రోజే ఈ అలవాటు మాన్పించేదాన్ని.

మైత్రీవనం_మాస్టారు

అక్క చెప్పింది ఖాయం. అప్పుడు ఇలా మార్చండి:

=లుకప్(2,1/(లెన్(ట్రిమ్(ఏ2:ఏ5000))>0),రో(ఏ2:ఏ5000))

ట్రిమ్ ఉత్త స్పేస్‌లను తీసేస్తుంది, మిగిలింది సున్నా అక్షరాలైతే ఖాళీ కింద లెక్క. ఒకవేళ దీనికీ లొంగకపోతే అది వెబ్ పేజీల నుంచి వచ్చే మరో రకం స్పేస్, దాని సంఖ్య 160. ట్రిమ్ దాన్ని ముట్టుకోదు. అప్పుడు ట్రిమ్ లోపల ఏ2:ఏ5000 బదులు సబ్‌స్టిట్యూట్(ఏ2:ఏ5000,చార్(160),"") అని రాయాలి.

ఇంకో సంగతి. ఎవరైనా ఏ కాలమ్‌లో ఇఫ్ ఫార్ములా పెట్టి, లేనిచోట "" వచ్చేలా వెయ్యి వరుసలు లాగి ఉంటే, కౌంట్ఏ ఆ వెయ్యీ లెక్కపెడుతుంది. పై ఫార్ములా లెక్కపెట్టదు.

వరుస_చివర

మాక్రో (ఎక్సెల్ పనులను తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రామ్) వాడేవాళ్లకు ఇంతకంటే తేలిక. సెల్స్(రోస్.కౌంట్,"ఏ").ఎండ్(ఎక్స్ఎల్‌అప్).రో అని ఒక్క ముక్క రాస్తే షీటు అడుగు నుంచి పైకి వస్తూ మొదట తగిలిన నిండు సెల్ వరుస ఇస్తుంది. ఒక జాగ్రత్త ఉంది: ఫిల్టర్ వేసి ఉన్నప్పుడు కనిపించే చివరి వరుస దగ్గరే ఆగొచ్చు. ముందు ఫిల్టర్ తీయించాలి. నేను ఒకసారి దీనివల్ల రాసిన వరుసల మీదే మళ్లీ రాయించి డేటా పోగొట్టుకున్నాను, అప్పటి నుంచి మాక్రో మొదటి లైనే ఫిల్టర్ తీసేది.

కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కి «ఇదే చివర» అనుకోకండి. ఎప్పుడో బోర్డర్లు గీసి వదిలేసిన సెల్స్‌ను కూడా అది చివరగానే చూస్తుంది.

నల్లకుంట_షీట్స్

గూగుల్ షీట్స్ అయితే పరిధికి అడుగు చెప్పక్కర్లేదు. =మ్యాక్స్(ఫిల్టర్(రో(ఏ2:ఏ),ఏ2:ఏ<>"")) చాలు. ఫీల్డ్ వాళ్లు ఫోన్లోనే నింపుతారు కదా మేడమ్, అందులోకి మారకూడదూ?

శిబిరం_డెస్క్

కొన్ని ఊళ్లలో నెట్ అందదండి. కాగితం మీద రాసుకొచ్చి ఇక్కడ ఎక్కిస్తాం. పైగా పేషెంట్ల వివరాలు ఆఫీసు కంప్యూటర్ దాటకూడదని మా నియమం.

రాణిగంజ్_లెక్కలు

ఆ నియమం మంచిదే, మార్చకండి.

మాస్టారి ఫార్ములా బాగుంది కానీ, నా అభిప్రాయం వేరు. అసలు ఖాళీ వరుసలు తీసేసి, ఊరి పేరుకు ఒక కాలమ్ పెట్టి, కంట్రోల్, టి నొక్కి టేబుల్ చేసేయండి. కింద కొత్త పేరు కొట్టగానే టేబుల్ తనంతట తానే పెరుగుతుంది. చివర ఎక్కడో వెతకాల్సిన పనే ఉండదు. విడివిడిగా కనిపించాలంటే ఊరి మీద ఫిల్టర్ వేసుకోవచ్చు. కళ్లకు అందంగా ఉండాలని డేటా మధ్యలో ఖాళీలు వదలడం దగ్గరే ఈ కష్టమంతా మొదలైంది.

మైత్రీవనం_మాస్టారు

పూర్తిగా ఒప్పుకుంటాను. నేను ఇచ్చింది మందు, మీరు చెప్పింది ఆరోగ్యం.

శిబిరం_డెస్క్

టేబుల్ చేశాను. కింద పేరు కొడితే పెరగడం లేదు. ఎవరూ ఫార్ములాలు చెరపకుండా షీటుకు పాస్‌వర్డ్ పెట్టాను, దానివల్లా?

రాణిగంజ్_లెక్కలు

దానివల్లే. ప్రొటెక్ట్ చేసిన షీటులో టేబుల్ పెరగదు. నాకు ఈ సంగతి ముందే గుర్తు రావాల్సింది. ఎంట్రీ కోసం ఒక షీటు తాళం లేకుండా ఉంచండి, అందులో టేబుల్ ఒక్కటే ఉండాలి. ఫార్ములాలు, లెక్కలు వేరే షీటులో పెట్టి దానికి తాళం వేయండి. ఇంకొకటి, టేబుల్ కింద ఒక వరుస వదిలి ఎవరైనా జాబితా అతికిస్తే అది టేబుల్‌లోకి రాదు. ఆనుకునే అతికించాలని గోడ మీద రాసి పెట్టండి.

కొత్త_చేయి

అన్నా, ఎక్స్‌లుకప్‌తో కింద నుంచి వెతకొచ్చని విన్నాను. అది సులువు కదా?

మైత్రీవనం_మాస్టారు

సులువే. =ఎక్స్‌లుకప్(ట్రూ,ఏ2:ఏ5000<>"",రో(ఏ2:ఏ5000),,0,-1) అంటే చివరి -1 వల్ల కింద నుంచి పైకి వెతుకుతుంది. చదివేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది కూడా. మేడమ్ దగ్గర 2016 ఉంది, అందులో ఇది లేదు. ఎక్సెల్ 2021లో, మైక్రోసాఫ్ట్ 365లో ఉంది. నువ్వు నేర్చుకో, కానీ ఉద్యోగంలో చేరిన చోట ఏ వెర్షన్ ఉందో ముందు అడుగు.

లిపి_ప్రేమి

రెండో సమస్యకు వస్తాను. ఉత్తరాలు తెగడం ఎక్సెల్ సెల్ నిండిపోవడం వల్ల కాదు. ఒక సెల్‌లో 32,767 అక్షరాలు పడతాయి. మీ ఫీల్డ్ వాళ్లు అంత రాయరు. మధ్యలో 255 అనే ఇంకో గోడ ఉంది.

వర్డ్ మెయిల్ మెర్జ్ చేసేటప్పుడు ఎక్సెల్ షీటును ఒక డ్రైవర్ (మధ్యలో డేటా అందించే చిన్న ప్రోగ్రామ్) ద్వారా చదువుతుంది. ఆ డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరుసలు చూసి, ఈ కాలమ్‌లో ఏ రకం డేటా ఉందో ఊహిస్తుంది. ఆ 8 వరుసల్లో అన్నీ చిన్న మాటలే ఉంటే «ఇది చిన్న టెక్స్ట్» అనుకుని, మొత్తం కాలమ్‌ను 255 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. మీ మొదటి వరుసల్లో ఏముందో చూడండి.

శిబిరం_డెస్క్

«బాగుంది», «నొప్పి లేదు», «మళ్లీ చూడాలి». అన్నీ ఇలాంటివే. మొదటి ఊరు మాకు దగ్గర, డాక్టరు గారే చూస్తారు కాబట్టి వివరం రాయరు. దూరపు ఊళ్లవే పొడవుగా ఉంటాయి.

లిపి_ప్రేమి

అదే కారణం. ఉత్తరాల కోసం షీటును వేరే ఫైలుగా కాపీ చేసుకోండి. అందులో ఒక కొత్త కాలమ్‌లో =లెన్(డి2) పెట్టి కిందికి లాగండి. పెద్దది పైకి వచ్చేలా సార్ట్ చేయండి. అప్పుడు మొదటి 8 వరుసల్లోనే పొడవైన వివరాలు ఉంటాయి, డ్రైవర్ కాలమ్‌ను పొడవైన టెక్స్ట్‌గా తీసుకుంటుంది. సార్ట్ కాపీలోనే చేయండి, అసలు షీటులో వద్దు. సార్ట్ చేసేముందు ఖాళీ వరుసలతో సహా మొత్తం పరిధి మీరే ఎంచుకోండి, లేకపోతే ఎక్సెల్ మొదటి ఖాళీ దగ్గరే ఆగిపోతుంది.

ఎన్ని ఉత్తరాలు తెగి ఉంటాయో ముందే తెలుసుకోవచ్చు:

=సమ్‌ప్రొడక్ట్(--(లెన్(డి2:డి642)>255))

శిబిరం_డెస్క్

58. ఇందులో 20 ఉత్తరాలు ఇప్పటికే పోస్టులో వెళ్లిపోయాయి. మళ్లీ పంపుతాను.

ఒక అనుమానం. 255 అక్షరాలంటే చాలా పెద్దది కదా? తెగిన ఉత్తరంలో నేను వేలు పెట్టి లెక్కపెడితే 110 చిల్లర అక్షరాలే ఉన్నాయి.

లిపి_ప్రేమి

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషంగా ఉంది, ఎందుకంటే తెలుగువాళ్లం అందరం ఇక్కడే మోసపోతాం.

మనం అక్షరం అనేది, కంప్యూటర్ అక్షరం అనేది ఒకటి కాదు. «కంటిశుక్లం» అనే మాట తీసుకోండి. మన లెక్కలో కం, టి, శు, క్లం, నాలుగు అక్షరాలు. లెన్ పెట్టి చూడండి, 10 వస్తుంది. క, సున్న, ట, గుడి, శ, కొమ్ము, క, పొల్లు, ల, సున్న. గుణింతపు గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తు కింద ఉన్న హల్లు మరొకటి, ప్రతిదీ విడిగా లెక్కలోకి వస్తుంది. «స్త్రీ» కంటికి ఒక్క అక్షరం, లెన్‌కు 6. «లక్ష్మి» మనకు రెండు, దానికి 7. «హైదరాబాద్» మనకు అయిదు, దానికి 9. ఇంగ్లీషులో రాసినా ఊరి పేరు 9 అక్షరాలే, అక్కడ మాత్రం కంటికీ లెన్‌కూ తేడా లేదు.

అందుకే 255 మన చేతిలో సగానికి పైగా కరిగిపోతుంది. ఒత్తులు ఎక్కువున్న వాక్యమైతే ఇంకా ముందే తెగుతుంది.

«కంటిశుక్» అని ఎందుకు వచ్చిందో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. క, పొల్లు వరకు 255 నిండింది, ల దగ్గర కత్తి పడింది. యంత్రానికి క్లం అనేది ఒక్క అక్షరమని తెలియదు. లెఫ్ట్ ఫార్ములా కూడా ఇంతే. =లెఫ్ట్("లక్ష్మి",2) అని పెడితే «లక» వస్తుంది. తెలుగు పేర్లను లెఫ్ట్‌తో పొట్టి చేయకండి, మనిషి పేరు చెడిపోతుంది.

కంటికి కనిపించని గుర్తు కూడా ఒకటి ఉంది. పొల్లు తర్వాతి హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది, కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర కూడా వదిలేస్తాయి. «ఉప్పల్» లెన్ 6 రావాలి, అది ఉంటే 7 వస్తుంది. తేడా వస్తే సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్(8204) ఇచ్చి తీసేయొచ్చు. కానీ మాట మధ్యలో ఉన్నదాన్ని తీయకండి, అమీర్‌పేట రూపు మారిపోతుంది.

నల్లకుంట_షీట్స్

ఇది ఎస్ఎంఎస్‌కు కూడా వర్తిస్తుంది. ఇంగ్లీషు మెసేజ్ ఒకటికి 160 అక్షరాలు, తెలుగైతే 70. అవి దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67. మేడమ్ పంపేది «రేపు ఉదయం 9 గంటలకు కంటి పరీక్షకు రండి» లాంటిదైతే లెన్ 37, ఒక్క మెసేజ్‌లో సరిపోతుంది. గూగుల్ షీట్స్‌లో సెల్ పరిమితి 50,000 అక్షరాలు, అక్కడ కూడా లెక్క ఇలా విడివిడి గుర్తులదే.

కొత్త_చేయి

నాకు ఇంకోచోట 255 తగిలింది. ఇఫ్ లోపల కొటేషన్లలో పొడుగు తెలుగు వాక్యం రాస్తే ఫార్ములానే తీసుకోలేదు. ఫార్ములా మొత్తం 8,192 అక్షరాల వరకు ఉండొచ్చంటారు కదా?

మైత్రీవనం_మాస్టారు

ఫార్ములా మొత్తానికి 8,192. దాని లోపల కొటేషన్ల మధ్య ఉండే ఒక్కో టెక్స్ట్ ముక్కకు 255. ముక్కలు చేసి ఆంపర్సాండ్ గుర్తుతో కలపొచ్చు, కానీ నేను అలా చేయను. ఆ వాక్యాన్ని వేరే షీటులో ఒక సెల్‌లో రాసి, ఫార్ములాలో ఆ సెల్ పేరు ఇస్తే చాలు. రేపు వాక్యం మార్చాలన్నా ఒక్కచోట మారిస్తే సరిపోతుంది.

డేటా వ్యాలిడేషన్‌లో సెల్‌లో ఎంచుకోవడానికి ఇచ్చే జాబితాను నేరుగా కామాలు పెట్టి టైపు చేసినా అదే 255. తెలుగు ఊళ్ల పేర్లు పాతిక కొట్టేసరికి నిండిపోతుంది. అక్కడ కూడా సెల్స్ పరిధి ఇవ్వడమే దారి.

రాణిగంజ్_లెక్కలు

కౌంట్ఇఫ్ కూడా 255 దాటిన టెక్స్ట్‌ను సరిగా పోల్చదు. ఒకే వివరం రెండుసార్లు ఎక్కిందా చూడాలంటే =సమ్‌ప్రొడక్ట్(--(డి$2:డి$642=డి2)) వాడండి.

ఉప్పల్_అక్క

ప్రింటు సంగతి ఎవరూ చెప్పలేదు. వరుస ఎత్తు 409 పాయింట్లకు మించి పెరగదు. పొడుగు వివరం ర్యాప్ చేసి ప్రింటు తీస్తే అడుగు భాగం కాగితం మీదకు రాదు. కాలమ్ వెడల్పు పెంచుకుని తీయమ్మా. పాత 2003 ఇంకా ఎక్కడైనా వాడుతుంటే అందులో సెల్‌లో 1,024 అక్షరాలే కనిపిస్తాయి, మిగతాది ఫార్ములా బార్‌లో చూసుకోవాలి.

వరుస_చివర

పాత వెర్షన్ అంటే గుర్తొచ్చింది. మేడమ్, మీ ఫైలు చివర ఎక్స్ఎల్ఎస్ అని ఉంటే ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌గా మార్చండి. పాత రకంలో 65,536 వరుసలే. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లలోకి ఎక్కిస్తే వరుసలు నిండిపోయి మిగతావి రాలిపోయాయి. 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు, వాళ్లను కలిసినవాళ్లను వెతకడం ఆలస్యమైంది. మీ 17 మంది సంగతి చదివినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. అంత పెద్ద యంత్రాంగంలో జరిగినదీ మీ షీటులో జరిగినదీ ఒకటే, చివర ఎక్కడో షీటు తప్పుగా అనుకుంది, ఎవరికీ ఎర్రర్ చూపించలేదు.

శిబిరం_డెస్క్, బుధవారం మధ్యాహ్నం 3:15

అందరికీ చెబుదామని వచ్చాను. ఖాళీ వరుసలన్నీ తీసేశాను, ఊరికి కాలమ్ పెట్టాను, ఎంట్రీ షీటు టేబుల్ అయింది. పోయిన నెల 14 మందిలో 12 మందితో మాట్లాడాం. ఒక పెద్దాయన చుక్కల మందు నాలుగో రోజే అయిపోయిందని ఊరుకున్నారట. రేపు మనిషిని పంపుతున్నాం. మిగిలిన ఇద్దరి ఊళ్లకు ఫీల్డ్ వాళ్లు శుక్రవారం వెళ్తారు.

ఉత్తరాలు సార్ట్ చేసి తీస్తే 58 కూడా పూర్తిగా వచ్చాయి. ఒక్కొక్కటి చివరి వాక్యం చదివి చూశాను.

ఒక ప్రశ్న మిగిలింది. లెక్కల షీటులో మాస్టారి ఫార్ములా కూడా ఉంచాను, టేబుల్‌తో సరిపోల్చుకోవడానికి. అందులో 5000 అని ఉంది. ఏడాదిలో మేం దాన్ని దాటొచ్చు. అప్పుడు మళ్లీ ఇదే కథ కాదా?

మైత్రీవనం_మాస్టారు

అవుతుంది, అందుకే కాపలా పెట్టాలి. టేబుల్ ఉన్న షీటులో 5001 నుంచి అడుగు వరకు ఏమైనా ఉందా అని ఒక సెల్ ఎప్పుడూ చూస్తూ ఉండాలి. మీ షీటు పేరు «ఎంట్రీ» అనుకుంటే:

=ఇఫ్(కౌంట్ఏ(ఎంట్రీ!ఏ5001:ఏ1048576)>0,"పరిధి పెంచండి","")

ఇక్కడ కౌంట్ఏ వాడొచ్చు, ఎందుకంటే ఎన్ని ఉన్నాయన్నది మనకు అక్కర్లేదు, ఒక్కటైనా ఉందా అన్నదే కావాలి. పక్కనే టేబుల్ చివరి వరుస, లుకప్ చెప్పిన వరుస సమానమా అని ఇంకో సెల్ పెట్టండి. రెండూ ఫోన్ జాబితా పైనే ఉండాలి, ఫోన్ చేసేవాళ్లకు కూడా కనిపించాలి.

శిబిరం_డెస్క్

పెట్టాను మాస్టారూ. తేడా వస్తే ఎర్ర రంగు వచ్చేలా కూడా చేశాను. ఇప్పుడే 5002లో ఉత్తుత్తి పేరు కొట్టి చూశాం, «పరిధి పెంచండి» అని వచ్చింది. పేరు డిలీట్‌తోనే తీసేశాం అక్కా, స్పేస్‌తో కాదు.